టీచరమ్మ కుడికాలు

భోజనాల బల్ల కింద ఏదో టకటకమని కొట్టుకుంటోంది. టీచరమ్మ భర్త కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే మనిషి. పొద్దస్తమానం సన్నటి గీతలు వెతికి వెతికి, ఇంట్లో కూడా ఏదీ ఆ కళ్ళను దాటిపోదు. తల వంచి బల్ల కిందికి చూశాడు. భార్య కుడికాలు నేలను తొక్కుతోంది. తొక్కి, కాసేపు అదిమి పట్టి, వదిలి, మళ్ళీ తొక్కుతోంది.

"ఏంటది?"

"ఏది?"

"ఆ కాలు."

ఆమె కిందికి చూసుకుంది. పక్కింటి పిల్లి చెప్పకుండా వచ్చి కూర్చుంటే చూసినట్టు చూసి, ఎడమపాదంతో దాన్ని తొక్కిపట్టింది.

"ఏం లేదు. తిమ్మిరెక్కింది."

తిమ్మిరీ కాదు, గిమ్మిరీ కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కానీ తెలిసిన సంగతిని బల్ల మీదికి తెస్తే అన్నం చల్లారిపోతుంది. ఎడమపాదం కింద కుడిపాదం మాత్రం గింజుకుంటూనే ఉంది.

ఆమె డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే మనిషి. అక్కడ అందరూ టీచరమ్మ అంటారు. స్కూలు ఓనరు మొదటిసారి వేళాకోళానికి అన్నాడు, అదే స్థిరపడిపోయింది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు ముందు కూర్చుంటే ఈమె పక్క సీట్లో కూర్చుంటుంది. ఆ సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది, వాళ్ళు మరిచిపోయినప్పుడు ఈమె నొక్కడానికి. ఏళ్ళ తరబడి ఈమె పాదం ఆనిన చోట పెడలు నునుపుదేలి మెరుస్తూ ఉంటుంది.

మంచి పేరున్న టీచరు. గొంతు పెంచదు. "మెల్లగా... మెల్లగా... ఇంకొంచెం... ఆఁ, అది చాలు," అంటుంది, చంటిపిల్లను జోకొట్టినట్టు. భయంతో స్టీరింగు బిగించి పట్టినవాళ్ళతో, "నాయనా, స్టీరింగు పట్టుకోమన్నాను గానీ పీక పిసకమనలేదు," అంటుంది. వాళ్ళు నవ్వుతారు. నవ్వితే భుజాలు దిగుతాయి, భుజాలు దిగితే కారు తిన్నగా పోతుంది. బయట ఇద్దరు ముగ్గురు శిక్షకుల దగ్గర నేర్చుకోలేక వదిలేసినవాళ్ళు కూడా ఈమె దగ్గర నేర్చుకుని వెళ్ళారు.

అలాంటి మనిషికి ఒక పొద్దున ఒక చిన్న సంగతి జరిగింది. నిజానికి ఏమీ జరగలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ పొద్దున నేర్చుకుంటున్నది పోస్టాఫీసు గుమాస్తా. పెద్దవయసులో మొదలుపెట్టాడు, చెమటలు ఎక్కువ, మాటలు తక్కువ. బజారు మలుపు దగ్గర ఎడమకు తిప్పుతున్నాడు. ఆగి ఉన్న వ్యాను వెనకనుంచి ఒక సైకిలు మనిషి, క్యారియరు మీద గుడ్ల అట్టలు కట్టుకుని, దూసుకొచ్చాడు. టీచరమ్మ చూసింది. అతని నీలం చొక్కా చూసింది, అట్టలకు కట్టిన పురికొస చూసింది. పాదం బ్రేకు మీదే ఉంది. కానీ నొక్కలేదు.

గుమాస్తా నొక్కాడు. కారు గుర్రంలా ఎగిరి ఆగింది. సైకిలు మనిషి చొక్కా చెయ్యి కారు ముక్కును రాసుకుంటూ పోయింది. పై అట్ట జారి నాలుగు గుడ్లు రోడ్డు మీద చితికాయి. అతను వీళ్ళిద్దరి ఏడు తరాలనూ పేరుపేరునా పలకరించి, మిగిలిన గుడ్లు సర్దుకుని, వెళ్ళిపోయాడు.

"మేడం! నేనే ఆపాను మేడం!" అన్నాడు గుమాస్తా, మొహం వెలిగిపోతూ.

"శభాష్," అంది టీచరమ్మ. "ఇండికేటరు వేసి పక్కకు తీయండి."

ఇంటికి వచ్చి భర్తకు చెప్పింది. "సైకిలువాడు అడ్డమొచ్చాడు. నేను నొక్కేలోపే ఆయన నొక్కేశాడు."

"నువ్వు నేర్పావు కాబట్టే నొక్కాడు," అన్నాడాయన. చక్కటి మాట. చెవిదాకా వచ్చింది, లోపలికి పోలేదు.

అప్పుడు నొక్కని కాలు ఆ మర్నాటినుంచి నొక్కడం మానలేదు. కుక్క తోక ఆడిస్తే బ్రేకు, కాగితం ఎగిరితే బ్రేకు. ఎవరో తలుపు తీస్తారేమోనని బ్రేకు, తీయకపోతే ఎందుకు తీయలేదని బ్రేకు. బస్సులో కూర్చున్నా ముందు సీటు కింద చువ్వను తన్నుతోంది. సినిమాకు వెళ్తే ముందు వరుసలో ఉన్నాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఇంట్లో ఉంటే కాలు కాలిన పిల్లిలా వంటింటికీ వరండాకీ తిరుగుతుంది. అలమరలో డబ్బాలన్నీ దించి తుడుస్తుంది, తుడిచినవి మళ్ళీ దించుతుంది. కూర్చుంటే కాలు ఆడుతుంది, నిలబడితే గుండె ఆడుతుంది.

"టీచరమ్మా, బ్రేకు ప్యాడ్లు అప్పుడే అరిగిపోయాయట. మెకానిక్కు అడుగుతున్నాడు, కొండల్లో నడుపుతున్నారా అని," అన్నాడు ఓనరు నవ్వుతూ. వారం తిరిగేసరికి నవ్వకుండా అన్నాడు. నేర్చుకునేవాళ్ళు బెదిరిపోతున్నారు. ఒక కాలేజీ పిల్ల కారు పక్కకు ఆపి ఏడ్చింది, "నేనేం తప్పు చేశాను మేడం, చెప్పండి, చెప్తేనేగా దిద్దుకుంటాను," అని. ఏం తప్పు చేసిందని చెప్తుంది? ఆ పిల్ల చక్కగానే నడుపుతోంది.

ఆ తర్వాత, ఆమె దగ్గర నేర్చుకుంటున్న ఒక నర్సుకు లైసెన్సు పరీక్ష వచ్చింది.

ఆ నర్సు ఇళ్ళకు వెళ్ళి రోగుల కట్లు మార్చే మనిషి. లైసెన్సు వస్తే ఆసుపత్రివాళ్ళు చిన్న కారు ఇస్తారు, లేకపోతే బస్సులు మారుతూ మందుల సంచి మోసుకుంటూ తిరగాలి. కష్టపడి నేర్చుకుంది. పరీక్షలో తనిఖీ అధికారి వెనక కూర్చుంటాడు, టీచరు పక్కన. టీచరు కాలు బ్రేకును తాకిందంటే అభ్యర్థి తప్పినట్టే, ఇంకో మాట లేదు. నర్సు రివర్సు చేసింది, ఎత్తు మీద ఆపి కదిలించింది, ఇరుకు సందులో తిప్పింది, ఎక్కడా తడబడలేదు. చివరికి ఆఫీసు గేటు కనబడుతుండగా రోడ్డు మీద ఒక పావురం నడుస్తోంది. నర్సు చూసింది, వేగం తగ్గించింది. పావురం ఎగరబోతోంది.

కారు కీచుమని ఆగింది.

వెనకనుంచి కలం గీసిన చప్పుడు. "సారీ అమ్మా," అన్నాడు అధికారి నర్సుతో. "టీచరుగారు బ్రేకు వేశారు. మళ్ళీ రావాలి."

అతను దిగిపోయాక కారులో ఇద్దరే మిగిలారు. టీచరమ్మ నోరు పెగల్చుకునేలోపే నర్సు ఇంజను ఆపి, తాళం చేతిలో పెట్టింది.

"మేడం, మీరంటే నాకు గౌరవం. అందుకే మొహం మీదే చెప్తున్నాను. నా పక్కన మళ్ళీ కూర్చోకండి. ముందు మీ కాలు ఎవరికైనా చూపించుకోండి."

"అది... పావురం..."

"పావురం కాదు మేడం. పావురానికి రెక్కలున్నాయి," అంది నర్సు, దిగి బస్టాపు వైపు నడిచింది.

ఓనరు మంచివాడే, కానీ వ్యాపారి. నర్సును ఇంకో శిక్షకుడికి అప్పజెప్పాడు. టీచరమ్మను కొన్నాళ్ళు గదిలో కూర్చుని రోడ్డు గుర్తుల పాఠాలు చెప్పమన్నాడు. గోడ మీద పటాలు, బల్ల మీద బొమ్మ కార్లు. ఆమె బొమ్మ కారును మలుపు తిప్పుతుంటే బల్ల కింద కాలు బ్రేకు వేస్తోంది.

కాలు చూపించుకోమంది కదా అని ముందు ఎముకల డాక్టరు దగ్గరికే వెళ్ళింది. ఎక్స్‌రే ఫోటో తీయించాడు. దీపానికి అడ్డంగా పెట్టి చూశాడు. "కాలుకేం? రాయిలా ఉంది," అన్నాడు. ఎముకలో బీట ఉందని చెప్పి ఉంటే ఆమె అతనికి దండం పెట్టేది. బీట అయితే కట్టు కడతారు, కట్టు అయితే అందరికీ కనబడుతుంది, విప్పే రోజు ఒకటి వస్తుంది. రాయిలాంటి కాలుకు ఎవరు కడతారు కట్టు? ఏవో బలం బిళ్ళలు రాసిచ్చి, తలుపు దాకా వచ్చి, "మనసు డాక్టర్లెవరినైనా కలవండి," అన్నాడు మెల్లగా, ఏదో చెడ్డ అలవాటు గురించి చెప్తున్నట్టు.

ఆదివారం వదినగారు వచ్చింది, అంటే ఆయన అక్కగారు. ఆవిడ గుమ్మంలోకి రావడానికి ముందే ఆవిడ అభిప్రాయం వచ్చేస్తుంది.

"మాట్లాడ్డానికి డాక్టరేంటమ్మా, విడ్డూరం కాకపోతే! మాట్లాడ్డానికి మనిషే కావాలంటే నేను లేనా? నేనేం మూగదాన్నా?"

"నువ్వు మూగదానివి కాదక్కా," అన్నాడు తమ్ముడు. "అదే కదా ఇబ్బంది."

ఆవిడ అతని వైపు ఒక చూపు విసిరి మళ్ళీ మరదలి వైపు తిరిగింది. "ఏం జరిగిందని ఇప్పుడు? ఎవడికైనా దెబ్బ తగిలిందా? నాలుగు గుడ్లు పగిలాయి. గుడ్డుకు ఒకరోజు చొప్పున ఏడ్చినా ఈపాటికి అయిపోవాలి. మా ఆయన పోయినప్పుడు నేను ఎవరి దగ్గరికైనా వెళ్ళానా? ఇల్లు అలికి, గిన్నెలు తోమి, బతికాను."

వదిన దుఃఖం ముందు తన నాలుగు గుడ్లు ఎక్కడ పెట్టాలో టీచరమ్మకు తెలియలేదు. ఏమీ జరగనిదానికి మందు అడగడం సిగ్గుగా ఉంది. ఏదైనా జరిగి ఉంటే బాగుండేదన్న ఆలోచన వచ్చి, దానికి ఇంకా సిగ్గేసి, లేచి వెళ్ళి అలమరలో డబ్బాలు దించింది.

అయినా ఒకసారి వెళ్ళి చూద్దామని ఆయనే షాపుకు వచ్చే ఒకాయన్ను అడిగి ఒక చోటు కనుక్కొచ్చాడు. కొత్త భవనం, మెత్తటి సోఫా, మూలన నీళ్ళు కారే చిన్న రాతి బొమ్మ. అక్కడి కౌన్సెలరు నున్నగా దువ్విన మనిషి. ఆమె రెండు ముక్కలు చెప్పిందో లేదో, అతను కళ్ళు మూసుకుని తలూపాడు.

"అర్థమైంది. జీవితమనే బండికి మీరు బ్రేకు వేసుకుంటున్నారు. మీలో ఉన్న వేగాన్ని చూసి మీరే భయపడుతున్నారు."

"లేదండీ. నేను కారుకే వేస్తున్నాను."

"అది పైకి కనిపించేది. లోపల—"

"లోపల కూడా బ్రేకంటే నాకు బ్రేకేనండీ. ఒక ఇనప పెడలు, కింద రాడ్డు."

అతను జాలిగా నవ్వి, ఊపిరి ఎలా పీల్చాలో చెప్పడం మొదలుపెట్టాడు. పీల్చమన్నప్పుడు పీల్చింది, వదలమన్నప్పుడు వదిలింది. కాలు నీళ్ళు కారే చప్పుడుకు లయ కలిపింది. బయటికి వచ్చాక, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మెట్లు దిగుతుంటే ప్రతి మెట్టుకూ బ్రేకు పడుతోంది.

"ఎలా ఉంది?" అన్నాడు భర్త.

"మీ అక్కయ్యే నయం," అంది.

అక్కడితో ఆ కథ కంచికి పోయిందనే అనుకున్నారు. కానీ గదిలో పాఠాలు చెప్పే బతుకు ఆమెను తినేస్తోంది. కిటికీలోంచి కార్లు బయల్దేరడం కనబడుతుంది. తన పక్క సీట్లో వేరే మనిషి. అతను అరుస్తాడు, నేర్చుకునేవాళ్ళ భుజాలు చెవుల దాకా లేస్తాయి. అది చూస్తూ కూర్చోలేదు, కళ్ళు తిప్పుకోనూలేదు.

ఒక మధ్యాహ్నం నర్సు స్కూలుకు వచ్చింది. ఆ అరిచే శిక్షకుడితోనే మళ్ళీ పరీక్షకు వెళ్ళి నెగ్గింది, కాగితాలు తీసుకోవడానికి వచ్చింది. టీచరమ్మను చూసి గదిలోకి వచ్చి, బొమ్మ కార్ల పక్కన నిలబడింది.

"చూపించుకున్నారా?"

"ఎముకలాయనకి చూపించాను. ఊపిరాయనకి కూడా చూపించాను."

నర్సు నవ్వలేదు. "మా ఆసుపత్రిలో ఒకావిడ ఉంది. పెద్దగా మాట్లాడదు. ఆవిడ కూడా నచ్చకపోతే మానెయ్యండి. చెప్పు ఒకటి కరిచిందని ఎవరూ ఉత్త కాళ్ళతో తిరగరు కదా." ఫోను తీసి నంబరు పంపింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది. "మేడం, మీరు నేర్పిందే నాకు పరీక్షలో పనికొచ్చింది. ఆయన దగ్గర అరుపులు వినడం ఒక్కటే నేర్చుకున్నాను."

ఆ కౌన్సెలరు గది ఆసుపత్రి వెనక, దుప్పట్లు ఉతికే షెడ్డు పక్కన ఉంది. మెత్తటి సోఫాలు లేవు. ఒక కాలు పొట్టిదైన కుర్చీ, కిటికీ అవతల ఆరేసిన తెల్ల దుప్పట్లు, గోడ అవతల గిరగిర తిరిగే యంత్రం. ఆవిడ తల నెరిసిన మనిషి, చలికాలం కాకపోయినా భుజాల మీద శాలువా. నిజంగానే పెద్దగా మాట్లాడదు.

మొదటిరోజు మాట్లాడిందంతా టీచరమ్మే. రోడ్లు తవ్వి పూడ్చకపోవడం గురించి చెప్పింది, ఓనరు పిసినారితనం గురించి చెప్పింది, క్లచ్చు మీద కాలు ఆనించి నడిపేవాళ్ళ గురించి చాలాసేపు చెప్పింది. ఆవిడ అన్నీ విని, "మీ కాలు ఇప్పుడేం చేస్తోంది?" అంది.

"తొక్కుతోంది."

"తొక్కనివ్వండి. ఇక్కడ ఎవరికీ ఇబ్బంది లేదు."

అంతే. ఇంటికి వస్తూ టీచరమ్మ లెక్క వేసుకుంది. రోడ్ల గురించి చెప్పడానికి రెండు బస్సులు మారి వెళ్ళాలా? వదిన అన్నదాంట్లో తప్పేముంది?

రెండోసారి ఆవిడ ఒకటే అడిగింది. "ఆ పొద్దున జరిగింది నాకు నేర్పుతున్నట్టు చెప్పండి. నాకు కారు రాదు. మెల్లగా చెప్పండి."

నేర్పమంటే ఆమెకు ఎక్కడలేని ఓపికా వస్తుంది. మలుపు చెప్పింది, వ్యాను చెప్పింది, ఎడమ అద్దం చెప్పింది. "సైకిలు వచ్చింది. నీలం చొక్కా. నేను చూశాను. నా కాలు బ్రేకు మీదే ఉంది," అని ఆగిపోయింది.

"చూశారు," అంది కౌన్సెలరు.

"చూశాను. భయపడలేదు. బిగుసుకుపోలేదు. అందరూ అదే అనుకుంటున్నారు." గోడ అవతల యంత్రం దడదడలాడి ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు ఆమెకే పెద్దగా వినిపించింది. "ఎప్పుడూ నేనేనా, అనిపించింది. ఒక్కసారి ఇంకెవరైనా చూసుకోకూడదా, అనిపించింది. అంతే. ఒక్క క్షణం. అక్కడ మనిషి ఉన్నాడండీ. మనిషి ఉండగా అలా అనిపించింది నాకు."

ఏడవలేదు. చేతిసంచి తీసుకుని, చెప్పకుండా లేచి వచ్చేసింది.

ఆ వారమంతా నరకం. ఇన్నాళ్ళూ కాలు ఒక్కటే అల్లాడేది, ఇప్పుడు మనిషంతా అల్లాడుతోంది. మూత తీయకుండా ఉంటే కుండలో ఏముందో తెలిసేది కాదు కదా, ఎందుకు తీసినట్టు? భర్త నీళ్ళ గ్లాసు ఎడంగా పెట్టాడని విసుక్కుంది. వదిన ఫోను చేస్తే ఎత్తలేదు. పాఠంలో ఆగు గుర్తుకూ దారి ఇవ్వు గుర్తుకూ తేడా తప్పు చెప్పింది, చెప్పింది తప్పని ఒక పిల్లవాడు అంటే కోప్పడింది. ఆ మర్నాడు అతనికి సారీ చెప్పింది. తగ్గించడానికి వెళ్ళింది పెంచితే, దాన్ని వైద్యం అంటారా?

మూడోసారి వెళ్ళాల్సిన రోజున బస్సు దిగి, ఆసుపత్రి గేటు దాటకుండా, ఎదురుగా ఉన్న బస్టాపు బల్ల మీద కూర్చుంది. బస్సులు వచ్చాయి, పోయాయి. ఇంటికి వెళ్ళే బస్సు వచ్చింది. లేచింది. ఎక్కలేదు. కూర్చుంది. పక్కన బఠాణీలు తింటున్న ముసలాయన, "ఏ బస్సమ్మా?" అని అడిగాడు.

"తెలీదండీ," అంది.

"అయితే తొందరేం లేదు," అన్నాడాయన, తన పనిలో పడ్డాడు.

ఆమెకు చాలామందికి నేర్పిన అనుభవం ఉంది. మొదటి పాఠం అయ్యాక ఎవరికీ కారు నచ్చదు. రెండో పాఠానికి అందరికీ ఇంకా భయం పెరుగుతుంది, ఏం తప్పు జరగొచ్చో అప్పుడే తెలుస్తుంది కాబట్టి. అలాంటివాళ్ళు ఫోను చేసి, "మేడం, ఇది నా వల్ల కాదు," అంటే ఏమని చెప్పేది తను? ఇంకొక్కసారి వచ్చి మానెయ్యండి, అనేది. వచ్చినవాళ్ళలో కొందరు నేర్చుకున్నారు, కొందరు నిజంగానే మానేశారు. ఎవరు ఏ రకమో తనకు కూడా ముందుగా తెలిసేది కాదు. అలా చెప్పడం సుళువే. బస్టాపులో కూర్చుని వినడమే కష్టంగా ఉంది. ఇవన్నీ కాదు గానీ, ఇక్కణ్ణించి ఇంటికి వెళ్తే ఏం చేస్తుంది? డబ్బాలు దించుతుంది.

లేచి రోడ్డు దాటింది. చాలా ఆలస్యంగా వెళ్ళింది. కౌన్సెలరు శాలువా సర్దుకుంటూ, "కూర్చోండి," అంది, ఆలస్యం మాట ఎత్తకుండా.

మిగిలిన కాసేపట్లో ఆవిడ ఒక మాట అంది. "మీరు నొక్కని బ్రేకు మీరు నేర్పిన మనిషి నొక్కాడు."

టీచరమ్మకు ఒళ్ళు మండింది. "ఇదా! ఈ మాట మా ఆయన మొదటిరోజే చెప్పాడండీ. అన్నం తింటూ చెప్పాడు."

కౌన్సెలరు నవ్వేసింది, మొదటిసారి, శాలువా జారిపోయేలా. "అయితే మీ ఆయన నాకంటే ముందున్నారు. మరి అప్పుడెందుకు పట్టలేదు మీకు?"

టీచరమ్మ కిటికీ వైపు తిరిగింది. బయట ఎవరో ఆరిన దుప్పట్లు దులుపుతున్నారు. "ఆయనకి నేను సగమే చెప్పాను," అంది చివరికి. "నేను నొక్కేలోపే అతను నొక్కేశాడని చెప్పాను. ఆయన ఓదార్చింది ఆ సగాన్నే."

ఆ సాయంత్రం భర్త వరండాలో కూర్చుని సొంత కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. షాపులో ఎవరైనా అలా తుడిస్తే తిడతాడు. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుని మిగతా సగం చెప్పింది. చూశానని చెప్పింది, ఏమనిపించిందో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చెప్పినంతసేపూ ఆయన మొహం చూడలేదు.

ఆయన తుడవడం ఆపి కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"నాకు కూడా అనిపిస్తుంది," అన్నాడు. "నెలకొకసారైనా. గీత ఉందని తెలిసీ, కనిపించినా, పోనీలే, ఎవరి కళ్ళు వాళ్ళే చూసుకుంటారు అనిపిస్తుంది. ఒక్కోసారి పంపించేశాను కూడా."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వడగలేదు. నువ్వెప్పుడూ అలసిపోవు కదా. అలసిపోని మనిషికి ఏం చెప్తాం?"

ఆ మాటకు ఆమెకు కోపం వచ్చింది, నవ్వు కూడా వచ్చింది. ఏది ముందో తేలక లేచి దీపం వేసింది. మర్నాడు ఓనరును అడిగి వారంలో ఒక పూట సెలవు పెట్టించుకుంది. ఇన్నేళ్ళలో అలా అడగడం అదే మొదలు. అతను వింతగా చూశాడు గానీ కాదనలేదు.

ఇక చిటికె వేస్తే కాలు ఆగిపోయిందని చెప్తే అది కథ అవుతుంది గానీ ఆమె సంగతి కాదు. ఆమె మళ్ళీ కారులో పక్క సీటుకు వచ్చేసరికి కాలం మారింది. మొదట ఖాళీ మైదానంలో, తర్వాత సందుల్లో, ఆ తర్వాతే బజారులో. కాలు చాలావరకు మాట వింటుంది. కొన్ని రోజులు వినదు. బాగా అలిసిన రోజున మరీ వినదు. అలాంటప్పుడు ఓనరుతో, "ఇవాళ నన్ను గదిలో కూర్చోబెట్టండి," అని తనే చెప్తుంది. కాలేజీ పిల్లను పిలిపించి, "ఆ రోజు తప్పు నీది కాదు," అని చెప్పి, మిగిలిన పాఠాలు పూర్తిచేయించింది. ఆ పిల్ల లైసెన్సు తెచ్చుకుంది.

వదిన మాత్రం తగ్గలేదు. "ఇంతకీ అక్కడ ఏం ఒరిగిందో చెప్పు," అంటుంది వచ్చినప్పుడల్లా. ఒకసారి టీచరమ్మ, "మీ తమ్ముడితో మాట్లాడటం వచ్చింది వదినా," అంది. ఆవిడ కాసేపు ఊరుకుంది. ఊరుకోవడం ఆవిడకు అలవాటు లేని పని. తర్వాత, తలుపు వైపు చూస్తూ, "మీ అన్నయ్యగారు పోయినప్పుడు గిన్నెలు తోమానని చెప్పాను కదా. తోమినవే తోమాను," అంది. ఇంకేమీ అనలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "అక్కడ అందరూ చూసేలా పేరు పెట్టి పిలుస్తారా?" అని అడిగి, జవాబు వినకుండా మెట్లు దిగింది.

ఈమధ్య ఒకరోజు టీచరమ్మ ఆ గది బయట బల్ల మీద వంతు కోసం కూర్చుని ఉంది. పక్కన ఒక భారీ మనిషి, ఏదో గోదాములో బరువులెత్తే పని చేసేవాడిలా చేతులు మోటుగా ఉన్నాయి. టోపీని మడుస్తున్నాడు, విప్పుతున్నాడు. గోడను చూస్తూ, ఆమె వైపు తిరక్కుండానే అడిగాడు.

"పనిచేస్తుందా అండీ ఇది?"

అవును అంటే అబద్ధం కాదు గానీ మొత్తం నిజం కాదు.

"ఒకచోట కుదరలేదండీ. ఇక్కడ కూడా ఒక వారం ఇంకా పాడైంది. చాలాసార్లు మానేద్దామనుకున్నాను. ఇవాళ బస్సులో కూడా అనుకున్నాను."

"మరి ఎందుకొచ్చారు?"

"ఇంట్లో ఉంటే ఇదంతా నాలో నేనే అనుకుంటూ తిరుగుతాను. ఇక్కడైతే ఒక మనిషి వింటుంది. నేను దాటేసిన మాట ఏదో ఆవిడ పట్టుకుంటుంది," అంది. "మీకెలా ఉంటుందో నేను చెప్పలేను."

అతను తలూపాడు, ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. లోపలినుంచి పిలుపు వచ్చింది. అతనిదే వంతు. కదల్లేదు. టోపీ ఇంకోసారి మడిచాడు.

"మీరు వెళ్తారా ముందు?" అన్నాడు.

"లేదండీ," అంది టీచరమ్మ. "నాకు తొందరేం లేదు. మీరు వెళ్ళకపోతే వెళ్తాను."

అతను లేచాడు. గేటు వైపు ఒకసారి, తలుపు వైపు ఒకసారి చూశాడు. టోపీ జేబులో కుక్కుకుని, వేళ్ళ కణుపులతో తలుపు మీద కొట్టాడు, తెరిచే ఉన్న తలుపు మీద.